తెల్లవారితే పన్నెండు గంటలు: హవాసాలో మా రోజులు

నమస్కారమండీ. ఇథియోపియాలోని హవాసా నుంచి మాట్లాడుతున్నాను. రాజధాని అడ్డిస్ అబాబాకు దక్షిణంగా, 270 కిలోమీటర్లు దాటాక, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఊరు ఇది. మాది నరసరావుపేట. ఇక్కడ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు చెబుతూ రెండేళ్లు దాటింది. లెక్చరర్ ఉద్యోగానికి రావాలనుకునే వాళ్లు "అక్కా, అక్కడ ఎలా సర్దుకున్నారు?" అని అడుగుతున్నారు. ముందు గడియారం సంగతి చెప్పాలి.

వచ్చిన మొదటి వారం, మంగళవారం రెండు గంటలకు క్లాసు అన్నారు. భోంచేసి, మంచి చీర కట్టుకుని, ఒంటిగంటన్నరకే వెళ్లి కూర్చున్నాను. గది ఖాళీ. పిల్లలు పొద్దున ఎనిమిదింటికే వచ్చి, ఎదురుచూసి వెళ్లిపోయారని సాయంత్రం తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇక్కడ గంటల లెక్క తెల్లవారడంతో మొదలవుతుంది. మన ఏడు వాళ్లకు ఒంటిగంట, మన ఎనిమిది వాళ్లకు రెండు. భూమధ్యరేఖకు దగ్గరి దేశం కనుక ఏడాది పొడవునా సూర్యుడు ఇంచుమించు ఒకే వేళకు ఉదయిస్తాడు, ఆ లెక్క చెదరదు. మా తాతయ్య పంచాంగం ముందేసుకుని సూర్యోదయం నుంచి గడియలు లెక్కపెట్టడం చిన్నప్పుడు చూశాను. అది గుర్తొచ్చాక ఈ గడియారం పరాయిదిగా తోచలేదు. ఇప్పుడు ఎవరు ఏ వేళ చెప్పినా, "మీ లెక్కా, ఫోను లెక్కా?" అని అడిగి మరీ రాసుకుంటాను.

మరునాడు క్లాసులో క్షమించమని అడిగితే, ముందు వరుసలోని అబ్బాయి "చిగిర్ యెల్లెమ్" అన్నాడు. ఇబ్బంది ఏమీ లేదు అని. యెల్లెమ్ అంటే లేదు. ఈ ఒక్క మాట పట్టుకుంటే ఇక్కడ సగం బతుకు నడుస్తుంది. మెబ్రాత్ యెల్లెమ్, కరెంటు లేదు. వుహా యెల్లెమ్, నీళ్లు లేవు. ఆ రెండూ వినపడ్డ ప్రతిసారీ వెనకాలే చిగిర్ యెల్లెమ్ కూడా వినపడుతుంది. మొదట్లో ఆ మాటకు నాకు చిరాకు వచ్చేది. అది నిర్లక్ష్యం కాదని, ఎదుటి మనిషి మనసు కుదుటపరచడానికి అనే మాటని తరువాత అర్థమైంది.

ల్యాబ్‌లో కరెంటు పోతే మొదట్లో క్లాసు వదిలేసేదాన్ని. ఇప్పుడు ప్రోగ్రామును సుద్దముక్కతో బోర్డు మీద రాసి, పిల్లల చేతనే నడిపిస్తాను. ఒకమ్మాయి చేతిలో కాగితం, దాని మీద సున్నా. లూపు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం, ఒక చుట్టు తిరిగినప్పుడల్లా పాత అంకె కొట్టేసి కొత్తది రాస్తుంది. ఇంకో అబ్బాయి తలుపు దగ్గర నిలబడి, అంకె పది దాటిందా లేదా చూసి లోపలికి పంపడమో ఆపడమో చేస్తాడు. కంప్యూటర్ ముందు రెండు వారాలుగా అర్థం కాని లూపు ఆ ఒక్క రోజులో అర్థమైంది. కరెంటు వచ్చినా ఎవరూ సీట్ల దగ్గరికి పోలేదు.

ఇంకొకటి. మనం మాట్లాడుతుంటే ఇక్కడివాళ్లు ఉన్నట్టుండి గుక్కెడు ఊపిరి లోపలికి పీలుస్తారు. మా విభాగాధిపతి అలా చేసినప్పుడు, అనకూడనిది అన్నానేమోనని హడలిపోయాను. అది "ఔను" అనడం, అంతే. మన "ఊ" కొట్టడం లాంటిది.

డబ్బు సంగతి క్లుప్తంగా. 2024 జూలై చివర ఇక్కడి కరెన్సీ అయిన బిర్ మారకపు విలువను మార్కెట్‌కు వదిలేశారు. అప్పటిదాకా డాలరుకు 57 చుట్టూ ఉన్నది కొద్ది వారాల్లోనే 100 దాటింది. జీతం ఏ కరెన్సీలో ఎంత ఇస్తారో ఒప్పందంలో చూసుకోకుండా బయలుదేరకండి. తేదీలు కూడా చూసుకోండి. ఇక్కడి ఏడాదికి పదమూడు నెలలు, కొత్త సంవత్సరం సెప్టెంబరులో, సంవత్సరం అంకె మనకన్నా ఏడో ఎనిమిదో తక్కువ.

శాకాహారులు భయపడనక్కరలేదు. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఈస్టరుకు ముందైతే 55 రోజులు ఉపవాసమే. కనుక హోటల్లో "త్సోమ్", అంటే ఉపవాసం, అని చెబితే చాలు, పళ్లెమంత ఇంజెరా పరిచి దాని మీద పప్పు, క్యాబేజీ, శనగపిండితో ఉడికించిన షిరో పెడతారు. ఇంజెరా అంటే టెఫ్ అనే చిన్న గింజల ధాన్యం పిండిని కొన్ని రోజులు పులియబెట్టి పోసే అట్టు. దోసె పులుపు ఇష్టమైనవాళ్లకు రెండో రోజుకే అలవాటవుతుంది.

నన్ను ఈ ఊరికి దగ్గర చేసింది మాత్రం అక్షరాలే. ఇక్కడి వాళ్ల సొంత భాష సిదామా అయినా, బజారులో అమ్హారిక్ బాగా నడుస్తుంది. మొదట ఆ బోర్డులు చూస్తే ముగ్గుల్లా ఉండేవి. మా పక్కింటి పాప పలక మీద రాస్తూ "లె, లు, లీ, లా, లే, ల్, లో" అని పాడుతుంటే గోడ ఇవతల నా చేతిలో గరిట ఆగిపోయింది. గుణింతం! కుడి పక్క నడుమ చిన్న గీత పెడితే "లు", అదే గీత కాలి కింద పెడితే "లీ". ఒక్కో హల్లుకు ఏడు రూపాలు. వారం తిరక్కుండా మా వీధి చివర కొట్టు బోర్డు మీద రెండక్షరాలు కూడబలుక్కున్నాను. బు... నా. బునా, అంటే కాఫీ. ఆటో దిగి అక్కడే నిలబడిపోయాను. అన్నట్టు ఆటోను ఇక్కడ బజాజ్ అనే అంటారు.

ఆ పాప నాయనమ్మను వీధంతా ఎమామా అంటారు, నేనూ అంతే. ఆవిడ కాఫీ పెడితే గంటకు పైనే పడుతుంది. నేల మీద పచ్చగడ్డి పరుస్తారు. గింజలు కడిగి, బొగ్గుల మీద వేయించి, ఆ పొగను ఒక్కొక్కరి ముఖం దగ్గరికి తెస్తారు. తరువాత దంచి, జెబెనా అనే నల్లటి మట్టి కూజాలో కాచి, చెవి లేని చిన్న కప్పుల్లో పోస్తారు. మొదటి వాయి అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా. బెరెకా అంటే దీవెన, అది తాగకుండా లేవడం మర్యాద కాదు. మొన్న నాకు జ్వరం వస్తే ఆవిడే వచ్చి, ఇంజెరా ముక్కలో షిరో చుట్టి నోట్లో పెట్టింది. దాన్ని గుర్షా అంటారు. అమ్మ గోరుముద్దలు తిని ఎన్నేళ్లయిందో.

ఇదిగో, కరెంటు పోయింది. గోడవతల గింజలు వేగుతున్న వాసన వస్తోంది, పాప కిటికీలోంచి పిలుస్తోంది. వెళితే మూడో కప్పు దాకా లేవను కాబట్టి వీడియో ఇక్కడితో ఆపుతున్నాను. ఉంటానండీ.