చెప్పి వెళ్లండి

(హ్యాకర్‌స్పేస్ వార్షిక సమావేశంలో కొత్త సభ్యుల కోసం చేసిన ప్రసంగం. హ్యాకర్‌స్పేస్ అంటే యంత్రాలు, పనిముట్లు ఉమ్మడిగా వాడుకుంటూ వస్తువులు తయారుచేసుకునే, బాగుచేసుకునే చోటు)

అందరికీ నమస్కారం.

అధ్యక్షులకు, కార్యవర్గానికి, కొత్తగా చేరిన సభ్యులకు, అసలు ఇక్కడేం జరుగుతుందో చూసిపోదామని వచ్చిన పెద్దలకు, పిల్లలకు నమస్కారాలు. ఈ హాలు ఇవాళ ఇంత శుభ్రంగా ఉందంటే, రాత్రి పదకొండింటిదాకా ఉండి బల్లలు జరిపినవాళ్లున్నారు. ఆ మూలనున్న పాత ప్రింటర్ల గుట్ట మీద దుప్పటి కప్పినవాళ్లున్నారు. ఇందాక మైకు గరగరమంటే వెనక వరసలోంచి పరుగెత్తుకొచ్చి వైరు సరిచేసిన అమ్మాయి ఉంది. ముందు వాళ్లకు చప్పట్లు కొట్టండి. ఇంకోసారి. మొదటిది సరిపోలేదు.

నాకిచ్చిన అంశం 'ఉమ్మడి వనరులు, మన బాధ్యతలు'. ఇరవై నిమిషాలన్నారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. మొదటి పేజీ చరిత్ర. దాన్ని త్వరగా దాటేస్తాను, ఎందుకంటే నేను చెప్పాల్సింది అందులో లేదు.

'హ్యాక్' అనగానే చాలామందికి ఎవరి ఖాతాలోంచో డబ్బు కొట్టేయడమే గుర్తొస్తుంది. ఆ మాటను మనం వాడే అర్థంలో, అంటే వస్తువును విప్పి చూసి, తెలివిగా మలుచుకోవడం అనే అర్థంలో, మొదట వాడినవాళ్లు అమెరికాలో ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు. బొమ్మరైళ్ల క్లబ్బువాళ్లు. టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ అని, 1946లో మొదలైంది. పైన రైళ్లు తిరుగుతుంటే బల్ల కింద రిలేలు అనే కరెంటు స్విచ్చులు, వైర్లతో కుస్తీ పట్టేవాళ్లు కొందరుండేవారు. మనం వాళ్ల సంతతి. తర్వాత 1981లో బెర్లిన్‌లో కేయాస్ కంప్యూటర్ క్లబ్, 1995లో అదే ఊళ్లో సీ-బేస్, 2006లో వియన్నాలో మెటాలాబ్, 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నాయిస్‌బ్రిడ్జ్, న్యూయార్క్‌లో ఎన్‌వైసీ రెసిస్టర్, ఇలా మనలాంటి చోట్లు వచ్చాయి. 2007 డిసెంబరులో కేయాస్ క్లబ్ వాళ్ల మహాసభలో ఇద్దరు జర్మన్లు తమ అనుభవమంతా గుదిగుచ్చి, హ్యాకర్‌స్పేస్ పెట్టాలంటే ఏం చేయాలో చెప్పారు. అందులో నాకు బాగా నచ్చినదొకటుంది. వారానికోసారి కలవడానికి ఏ రోజు పెట్టినా ఎవరో ఒకరికి కుదరదు, కాబట్టి ఆ చర్చ ఆపేసి మంగళవారం పెట్టుకోండి అన్నారు. మన మంగళవారం సమావేశాలు అలా వచ్చినవే. ఎందుకు మంగళవారమే అని ప్రతి కొత్త సభ్యుడూ అడుగుతాడు. ఇదీ జవాబు.

చరిత్ర అయిపోయింది.

రెండో పేజీలో పచ్చికబయలు కథ ఉంది. 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. ఊరుమ్మడి బీడు ఉంటే ప్రతివాడూ ఇంకో ఆవును, ఇంకో ఆవును తోలుతూ పోతాడు, చివరికి గడ్డి మిగలదు అన్నాడు. ఉమ్మడిది ఏదైనా నాశనం కావలసిందే అని చాలామంది దాన్ని పట్టుకున్నారు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ మాత్రం, నిజంగా అలా జరుగుతోందా అని ఊళ్ల అనుభవాలన్నీ సేకరించి పరిశీలించింది. స్విట్జర్లాండులో ట్యోర్బెల్ అని కొండమీద ఊరు. చలికాలంలో నీ ఇంట్లో ఎన్ని ఆవుల్ని మేపగలవో అన్నిటినే వేసవిలో ఉమ్మడి బీటికి తోలాలని అక్కడ 1517 నుంచీ నియమం ఉంది. బీడు వందల ఏళ్లు చెక్కుచెదరలేదు. 1990లో ఆవిడ పుస్తకం వచ్చింది, 2009లో నోబెల్ వచ్చింది. అర్థశాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే. ఆవిడ మాట ఒకటి తర్వాత మళ్లీ ఎత్తుతాను, గుర్తుపెట్టుకోండి.

మన దగ్గర ఆవుల్లేవు. ఇవిగో, ఇవున్నాయి. ముందు వరసవాళ్లు ఇది చేతికి తీసుకుని చూసి వెనక్కివ్వండి. సోల్డరింగ్ ఐరన్ టిప్పులు రెండు, అంటే సోల్డర్ అనే లోహాన్ని కరిగించి వైర్లు అతికే పనిముట్టు మొనలు. ఒకటి వెండిలా మెరుస్తోంది, రెండోది బొగ్గుముక్కలా ఉంది. రెండూ ఒకే రోజు విప్పిన ప్యాకెట్లోవి. నల్లదాని మీద సోల్డర్ పెడితే అంటుకోదు, తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. మనం వాడే సీసం-తగరం సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది. ఐరన్‌ను 350 మీద పెడితే చాలు. 450 మీద పెట్టి, పని అయ్యాక ఆపకుండా వదిలేసి ఇంటికి పోతే ఇలా అవుతుంది. ఆపేముందు టిప్పు మీద కాస్త కొత్త సోల్డర్ పూసి వదిలితే, ఆ పూతే గాలి తగలకుండా కాపాడుతుంది. రెండు సెకన్ల పని. బీట్లో గడ్డి వానపడితే మళ్లీ మొలుస్తుంది. టిప్పు మొలవదు. త్రీడీ ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్ తీగ, ఫిలమెంట్, కూడా అంతే, కవరు మూయకపోతే గాలిలో తేమ పీల్చుకుని నాజిల్లో చిటపటలాడుతుంది.

మిగతా రెండు పేజీల్లో ఇలాంటివే పదిహేను జాగ్రత్తలున్నాయి. అవన్నీ గోడ మీద రాసే ఉన్నాయి, చదువుకోండి. ఈ కాగితాలు పక్కన పెడుతున్నాను. ఇక్కడ నిలబడ్డాక నాకు లేజర్ కట్టర్ కనిపిస్తోంది. అది కనిపిస్తుంటే ఆ సంగతి చెప్పకుండా ఉండలేను.

పాతవాళ్లు విన్నారు. మళ్లీ వినండి.

ఆ యంత్రం వచ్చిన రెండో ఏడాది. ఒక పొద్దున నేనే తాళం తీశాను. లోపల ఘాటు వాసన, గొంతులో గీరినట్టుంది. మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు పెట్టి చూస్తే కోత సగం దాకా దిగి ఆగిపోయింది. లెన్స్ విప్పాను. లేజర్ లెన్స్ మామూలు గాజు కాదు. మన లేజర్ కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు, గాజులోంచి అది దాటదు. అందుకని జింక్ సెలినైడ్‌తో చేస్తారు. బొటనవేలి గోరంత ఉంటుంది, చామంతి రేకు రంగు. వెలుతురుకెత్తి చూస్తే దాని మీద తెల్లటి పొర. ఆల్కహాల్‌తో తుడిచాను. పోలేదు. మళ్లీ తుడిచాను. పోలేదు. వేలు తీసుకెళ్లి లేజర్ తల జరిగే పట్టాల మీద రాస్తే వేలికి గోధుమరంగు అంటింది. తుప్పు. చెత్తబుట్టలో వెతికితే దొరికింది, నల్ల రెక్సిన్ ముక్క, బ్యాగు పట్టీ ఆకారంలో సగం కోసినది.

రెక్సిన్ అంటే చాలాసార్లు పీవీసీ, క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్. పీవీసీని లేజర్‌తో కోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. అది తేమతో కలిస్తే హైడ్రోక్లోరిక్ యాసిడ్. ముందు మన ఊపిరితిత్తుల్ని, తర్వాత అద్దాల్ని, పట్టాల్ని, బేరింగుల్ని తింటుంది. ఆ కోసినతను కావాలని చేశాడా? లేదు. తోలు అనుకునుంటాడు. వాసన రాగానే భయపడి ఆపేశాడు, సగం కోత చూస్తే తెలుస్తూనే ఉంది. ఇంతవరకు నాకే ఫిర్యాదూ లేదు. ఎవరికైనా జరుగుతుంది.

నా ఫిర్యాదు ఆ తర్వాతది. ఆ రోజు బుధవారం. రిజిస్టరు చూస్తే లేజర్ వాడింది అంతకు ముందు శుక్రవారం. ఐదు రోజులు! ఆ శుక్రవారం రాత్రే ఒక్క మాట చెప్పి ఉంటే కిటికీలు తెరిచి, ఫ్యాను నడిపి, పట్టాలు తుడిచి నూనె రాసేవాళ్లం. లెన్స్ ఒక్కటి పోయినా మిగతా యంత్రం దక్కేది. ఐదు రోజులు యాసిడ్ తన పని తాను చేసుకుపోయింది. బేరింగులు, పట్టాలు, రెండు అద్దాలు మార్చాం. మూడు నెలలు లేజర్ లేదు.

నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఆ కోపంలో నేను చేసిన పని మీకు చెప్పాలి.

తలుపు మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను. 'మన సామాను పాడుచేసి నోరు మూసుకుని వెళ్లినవాళ్లెవరో నాకు తెలుసు. ఇలాంటివాళ్లకు ఇక్కడ చోటు లేదు.' నాకేమీ తెలియదు. రిజిస్టరులో ఆ శుక్రవారం పేరు కూడా అర్థంకాని గీత. అతనెవరో నాకివాళ్టికీ తెలియదు.

అప్పట్లో ప్రతి మంగళవారం ఒకావిడ వచ్చేవారు. వాళ్ల నాన్నగారి పాత రేడియో బాగుచేసుకోవాలని. సోల్డరింగ్ కొత్త, కరెంటు, వోల్టేజి కొలిచే మీటరు పట్టుకోవడం కొత్త. శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకునేవారు. ఆ కాగితం అంటించిన వారం నుంచి రావడం మానేశారు. రేడియో షెల్ఫులోనే ఉంది, వెనక మూత తీసి, పేరూ తేదీ రాసిన చీటీతో సహా. పనులుండి రాలేదనుకున్నాను.

అదే నెలలో ఒక కుర్రాడు వచ్చి, సార్, నా సర్క్యూటులో కరెంటు పారడం లేదు, రెండు సాయంత్రాల నుంచి చూస్తున్నాను అన్నాడు. మీటరు సున్నా చూపిస్తోంది. అప్పటికే బాగానే ఉన్న రెగ్యులేటర్ ఐసీని, వోల్టేజిని నిలకడగా ఉంచే చిప్పును, పీకి పారేశాడు. నేను మీటరు విప్పితే లోపల ఫ్యూజు కాలిపోయి ఉంది. కరెంటు కొలిచే రంధ్రంలో వైరు ఉంచి, మరిచిపోయి బ్యాటరీ వోల్టేజి కొలిస్తే అలా కాలుతుంది. నేర్చుకునేవాళ్లందరూ ఒకసారి చేస్తారు. దాన్ని మార్చడానికి ఒక స్క్రూడ్రైవరు, రెండు నిమిషాలు చాలు. చెప్పకపోతే ఇంకొకరివి రెండు సాయంత్రాలు, ఒక ఐసీ.

చాలాకాలం తర్వాత బస్టాపులో ఆవిడ కనిపించారు. రేడియో అలాగే ఉందండీ, ఎందుకు రావడం లేదు అన్నాను. ఆవిడ తల దించుకుని, "ఆ మీటరు పాడుచేసింది నేనేనండీ. మంగళవారం వచ్చి చెబుదామనుకున్నాను. తలుపు మీద మీ కాగితం చూశాను. లోపలికి కాలు పెట్టబుద్ధి కాలేదు" అన్నారు.

ఫ్యూజు! ఒక్క ఫ్యూజు కోసం ఆవిడ వెళ్లిపోయారు. లేజర్‌ను తినేసినవాడు ఆ కాగితం చదివాడో లేదో, ఈ హాల్లోనే కూర్చున్నాడో తెలియదు. బాబూ, ఉంటే భయపడకు, ఇప్పుడు నాకు నీ మీద కోపం లేదు. నిజంగా లేదు. చెబుదామని వచ్చిన మనిషిని గుమ్మంలోనే వెనక్కి పంపినవాణ్ని నేను.

ఇందాక ఆస్ట్రమ్ మాట ఒకటి గుర్తుపెట్టుకోమన్నాను. ఉమ్మడి కాలువలు, బీళ్లు, అడవులు చాలాకాలం నిలిచిన చోట్ల ఆవిడ ఒకటి గమనించింది. కాపలా కాసేవాళ్లు వాడుకునేవాళ్లే, లేదంటే వాళ్లకు జవాబు చెప్పాల్సినవాళ్లు. తప్పు చేసినవాడికి మొదటిసారి చాలా చిన్న శిక్ష. మళ్లీ మళ్లీ చేస్తేనే అది పెరుగుతుంది. మొదటిసారే ఊళ్లోంచి వెళ్లగొట్టరు. నేను మొదటిసారే 'చోటు లేదు' అని రాశాను. ఆవిడ పుస్తకం అప్పటికే మన అలమరలో ఉంది. చదివే ఉన్నాను కూడా.

ఆ కాగితం చించేశాను. మంగళవారం సమావేశంలో అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. ఇప్పుడు మీరు చూస్తున్న ఏర్పాటు ఆ రోజు కూర్చుని అనుకున్నదే. ప్రతి యంత్రానికీ దారంతో కట్టిన నోటుబుక్కు ఉంది. అందులో తేదీ రాయాలి, ఏం చేస్తుంటే ఏమైందో రాయాలి. పేరు రాయక్కర్లేదు. పేరుకు గడే లేదు, చూడండి. పాడైన వస్తువుకు ఆ డబ్బాలోంచి ఎర్రదారం తీసి కట్టేసి వెళ్లండి. తర్వాతివాళ్లు దాన్ని నమ్మి మోసపోకుండా ఉంటారు. అంతే. కొందరు పాతవాళ్లు, పేరు లేకపోతే బాధ్యత ఎలాగండీ అని ఇప్పటికీ నాతో వాదిస్తారు. నాకు బాధ్యుడికన్నా ముందు సమాచారం కావాలి. శుక్రవారం రాత్రి సమాచారం శుక్రవారం రాత్రే కావాలి.

మొదట్లో ఎవరూ రాయలేదు. నేనే రాయడం మొదలుపెట్టాను, డ్రిల్ బిట్ విరగ్గొట్టాను, మార్చాను అని. తర్వాత ఇంకెవరో 'డ్రిల్ బెల్టు కీచుమంటోంది' అని రాశారు. కింద వేరే చేతిరాతలో 'బిగించాను' అని ఉంది. ఆ రెండు లైన్లు చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఏ యంత్రం కొన్నప్పుడూ కలగలేదు.

లేజర్ పక్కన మేకుకు ఒక రాగితీగ వేలాడుతోంది. కొత్తవాళ్లు అదేమిటని అడుగుతున్నారు. తీగను మంటలో ఎర్రగా కాల్చి, అనుమానమున్న ప్లాస్టిక్‌కు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టే, లేజర్లో పెట్టకండి. కిటికీ దగ్గర, గాలి ఆడేచోట చేయండి. మంట మామూలుగా ఉన్నా అనుమానం తీరకపోతే నన్ను పిలవండి. ఒక్కర్నీ విసుక్కోను.

టైమైపోయిందని అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ఒక్క నిమిషం.

రేడియో ఇంకా షెల్ఫులోనే ఉంది. ఆవిడ ఈ మధ్య ఫోన్ చేసి, ఒక మంగళవారం వస్తానన్నారు. ఎవరూ దాన్ని కదపకండి, చీటీ తీయకండి.

ఇంకొకటి. ఇవాళ పొద్దున బ్యాండ్‌సా, అదే పట్టీ రంపం యంత్రం, మూత తెరిస్తే బ్లేడు తెగి ఉంది. ఎర్రదారం లేదు, నోటుబుక్కులో రాత లేదు. నిన్న రాత్రి బల్లలు జరుపుతున్నప్పుడు ఎవరో ఏదో కోసినట్టున్నారు. ఎవరని అడగను. మీరు కోసింది చెక్కా, అల్యూమినియమా, ఎంత మందం, అది మాత్రం నాకు కావాలి. పళ్లు ఎంత దగ్గరగా ఉన్న బ్లేడు తెప్పించాలో దాన్నిబట్టి తేలుతుంది. నోటుబుక్కు యంత్రం పక్కనే ఉంది, పెన్ను కూడా పెట్టాను. మీరంతా బయటికి వెళ్లేదాకా నేను అటువైపు రాను.

నమస్కారం.