బయాప్సీ రిపోర్టులో 'ఎటిపియా' అని వస్తే

అందరికీ నమస్కారం.

రొమ్ముకు తీసే ఎక్స్‌రే, అంటే మామోగ్రామ్‌లో ఏదో తేడా కనబడింది. సూదితో ముక్క తీసి బయాప్సీకి పంపారు. టెన్షన్ పడుతూ ఎదురుచూస్తే రిపోర్టు వచ్చింది. అందులో క్యాన్సర్ అని లేదు, అలాగని అంతా బాగుందనీ లేదు. 'ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా' అనో, 'లోబ్యులర్ కార్సినోమా ఇన్ సైటూ' అనో నోరు తిరగని పేరుంది. ఎటిపియా అంటే కణాలు మామూలుగానూ లేక, క్యాన్సర్‌గానూ మారని స్థితి. డాక్టరుగారు 'హై రిస్క్' అన్నారు. ఇలాంటి రిపోర్టు అందుకున్నవాళ్ల కోసమే ఈ మాటలు.

ఆ రెండో పేరులో కార్సినోమా అని ఉన్నా, క్యాన్సర్ ఏ దశలో ఉందో లెక్కగట్టడానికి 2018 నుంచి అమల్లో ఉన్న స్టేజింగ్ పద్ధతి దాన్ని క్యాన్సర్‌గా లెక్కించదు. అందులో ప్లియోమార్ఫిక్ అనే అరుదైన రకాన్ని మాత్రం డాక్టర్లు మరింత జాగ్రత్తగా చూస్తారు.

ఇలాంటి రిపోర్టు రెండు వేర్వేరు విషయాలు చెబుతుంది. సూది తగిలిన చోటు చుట్టుపక్కల ఇప్పుడు ఇంకేమైనా ఉందా అన్నది ఒకటి. రాబోయే ఏళ్లలో ఏం జరగవచ్చన్నది మరొకటి. ఈ రెండూ కలగలిసిపోవడం వల్లే సగం భయం, సగం నిర్లక్ష్యం పుడతాయని నాకనిపిస్తుంది.

ముందు మొదటిది చూద్దాం. సూదికి వచ్చేది చాలా చిన్న ముక్క. అందుకే ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా వస్తే, సాధారణంగా ఆ భాగాన్ని చిన్న ఆపరేషన్‌తో తీసి మొత్తం పరీక్షిస్తారు. అలా తీసినప్పుడు వందలో సుమారు పది నుంచి ముప్పై మందికి అంతకన్నా ముదిరినది బయటపడుతుంది. అదీ చాలావరకు పాలనాళం దాటని తొలి దశే. చాలామంది ఆపరేషన్ రోజే ఇంటికి వెళ్లిపోతారు. లోబ్యులర్ రకాల్లో అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, కొందరిని స్కానింగ్‌లతో గమనిస్తే చాలు. అందుకే డాక్టరును ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "స్కానింగ్‌లో కనబడినదానికీ, ముక్కలో తేలినదానికీ పొంతన కుదిరిందా?" కుదరలేదంటే మళ్లీ ముక్క తీయాలి, లేదా ఆపరేషన్ చేయాలి.

తీసిన ముక్క స్లైడ్లను ఇంకో పాథాలజిస్టుకు, అంటే మైక్రోస్కోపులో చూసి రిపోర్టిచ్చే డాక్టరుకు, చూపించమని అడగడానికి మొహమాటపడకండి. అమెరికాలో 115 మంది పాథాలజిస్టులతో చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. పాలనాళం దాటి పాకిన క్యాన్సర్ స్లైడ్ల విషయంలో వాళ్ల తీర్పు నిపుణుల బృందం తీర్పుతో 96 శాతం కలిసింది. ఎటిపియా దగ్గరికొచ్చేసరికి 48 శాతమే. ఇందులో ఎవరి తప్పూ లేదు. మామూలు కణానికీ క్యాన్సర్ కణానికీ మధ్య నిలబడినదాన్ని గుర్తుపట్టడం నిజంగానే కష్టం. రెండో అభిప్రాయానికి కొన్ని వారాలు పట్టినా ఫరవాలేదు. ఇది రేపే తేల్చాల్సిన ఎమర్జెన్సీ కాదు.

ఆపరేషన్ అయింది, ముదిరినదేమీ లేదన్నారు, హమ్మయ్య అనుకున్నారు. చాలామంది ఫైలు బీరువాలో పెట్టేసేది ఇక్కడే. నిజానికి రెండో విషయం ఇక్కడే మొదలవుతుంది. ఎటిపియా వచ్చినవాళ్లకు రొమ్ము క్యాన్సర్ ముప్పు మిగతావాళ్లకన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. ఆ ముప్పు ముక్క తీసిన రొమ్ముకే కాదు, రెండింటికీ ఉంటుంది. నాలుగు రెట్లంటే గుండె దడదడలాడుతుంది. కానీ ఇలాంటి వందమందిని పాతికేళ్లు గమనిస్తే సుమారు ముప్పైమందికి క్యాన్సర్ వచ్చింది, డెబ్బైమందికి రాలేదు. నిర్ణయం తీసుకునేటప్పుడు ఈ రెండో లెక్క ఎక్కువ పనికొస్తుంది.

ఏటా మామోగ్రామ్, డాక్టరు పరీక్ష తప్పవు. ఎమ్మారై అవసరమా కాదా అన్నది వయసు, రొమ్ము సాంద్రత, కుటుంబ చరిత్ర చూసి తేలుస్తారు. రెండు రొమ్ములూ తీయించేసుకుంటానని వచ్చేవాళ్లూ ఉంటారు. ఒక్క ఎటిపియా కోసం అంతదూరం వెళ్లాల్సిన పని సాధారణంగా ఉండదు.

మందుల గురించి మాత్రం కాస్త ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే చాలామంది వినకుండానే వద్దంటారు. టమాక్సిఫెన్ ముప్పును దాదాపు సగానికి తగ్గిస్తుందని 1998లోనే ఒక పెద్ద పరీక్షలో తేలింది. ఎటిపియా ఉన్నవాళ్లలో ఫలితం ఇంకా బాగుంది. ఒంట్లో వేడి ఆవిర్లు, అరుదుగా రక్తం గడ్డకట్టడం, గర్భాశయ క్యాన్సర్ లాంటి ఇబ్బందులున్నాయి, కాదనను. అయితే పాత పద్ధతి రోజుకు 20 మిల్లీగ్రాములు, ఐదేళ్లు. 2019లో వెలువడిన ఇటలీ పరీక్షలో 5 మిల్లీగ్రాములు మూడేళ్లు ఇచ్చినా, రొమ్ములో కొత్తగా వచ్చేవీ తిరగబెట్టేవీ సగానికి తగ్గాయి. నెలసరి ఆగినవాళ్లకు వేరే మందులూ ఉన్నాయి. వేసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టమే. కాకపోతే ఏ మోతాదు, ఎన్నాళ్లు అని అడిగాకే వద్దనండి.

నెలసరి ఆగాక హార్మోన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. మద్యం తగ్గించడం, బరువు అదుపులో ఉంచుకోవడం కూడా ఉపయోగమే. మీ అక్కచెల్లెళ్లకూ, కూతుళ్లకూ ఈ రిపోర్టు సంగతి తెలియాలి. వాళ్లు ఎప్పుడు పరీక్షలు మొదలుపెట్టాలో డాక్టరు చెప్పేటప్పుడు ఇది అవసరమవుతుంది. ఇక ప్రశ్నలు అడగండి.