రెక్కకి మళ్ళీ గుంజ: కొత్త విమానాల రూపం ఎటు పోతోంది?

[తెర మీద: జయపురం రన్‌వే. ఆగి ఉన్న ఒంటి ఇంజిన్ సెస్నా కారవాన్]

నమస్కారం. రాజస్థాన్ జైపూర్ కాదండి, ఇది ఒడిశా కొరాపుట్ జిల్లా, మన జయపురం. 2022 చివర్లో ఇక్కడ ప్యాసింజర్ సర్వీసు మొదలైనప్పుడు దిగింది ఇదిగో, ఈ తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్. మా మావయ్య పెదవి విరిచాడు. ముక్కుకి ఒక్క ఫంకా, నెత్తి మీద రెక్క, ఆ రెక్కకి కింద నుంచి ఏటవాలుగా ఒక కమ్మీ. "ఇదేటిరా అల్లుడూ, పందిరికి గుంజ పెట్టినట్టు! ఇమానమంటే బోయింగులా ఉండాలి గానీ" అన్నాడు.

సరే, బోయింగు ఎలా ఉంటుందో చూద్దాం.

[తెర మీద: పక్కపక్కన బోయింగ్ 707, ఎయిర్‌బస్ ఎ320 నీడబొమ్మలు]

రంగు తీసేస్తే ఏది బోయింగో, ఏది ఎయిర్‌బస్సో మీరు చెప్పగలరా? గుండ్రటి గొట్టం, వెనక్కి వాలిన రెక్కలు, వాటి కింద వేలాడే ఇంజిన్లు. 707కి నమూనాగా 1954లో ఎగిరిన డాష్-80 నుంచి ఇదే వాటం. పైకెళ్ళాక లోపలి గాలి గోడల్ని బయటికి నెడుతుంది, ఆ ఒత్తిడిని గుండ్రటి గొట్టమే బాగా తట్టుకుంటుంది. కిటికీల మూలలు గుండ్రంగా ఉండేదీ అందుకే. పదునైన మూల దగ్గర ఒత్తిడంతా పోగుపడి లోహం చిట్లుతుంది.

మరి ఈ 70 ఏళ్ళలో మారిందేమిటి? ముఖ్యంగా ఇంజిన్ లావు.

[తెర మీద: సుఖోయ్ ఇంజిన్ పక్కన ఎ320 నియో ఇంజిన్]

మావయ్య సునాబెడ హెచ్‌ఏఎల్ ఇంజిన్ ఫ్యాక్టరీలో రిటైరయ్యాడు. మిగ్ ఇంజిన్లు, తర్వాత సుఖోయ్ ఇంజిన్లు, అన్నీ ఆయన కళ్ళ ముందు తయారైనవే. సుఖోయ్ ఇంజిన్ గాలి పీల్చే నోరు మీటరు లోపే. ఎ320 నియోకి పెట్టే లీప్ ఇంజిన్ ఫ్యానేమో 198 సెంటీమీటర్లు. "మాది అంత జోరైన ఇంజినైనా, ఇంత సన్నం. ఇదేటి, గంగాళంలా?" అని ఆయన సందేహం.

పొయ్యి దగ్గర ఊదుగొట్టం, కళ్ళంలో చేట గుర్తు తెచ్చుకోండి. గొట్టం కొంచెం గాలిని జోరుగా తోస్తుంది. చేట బోలెడంత గాలిని నెమ్మదిగా తోస్తుంది. యుద్ధ విమానానికి జోరు కావాలి, ప్యాసింజర్ విమానానికి ఆయిల్ ఆదా కావాలి. లీప్‌లో ఒక వంతు గాలి లోపల మంటలోకి పోతే, సుమారు 11 వంతులు చుట్టూ తిరిగి చల్లగా బయటికి పోతాయి. అంతకంతకూ లావెక్కేది అందుకే. బోయింగ్ పెద్ద విమానం 777ఎక్స్ ఇంజిన్ ఫ్యాన్ అయితే 3.4 మీటర్లు, మన ఇంటి స్లాబు ఎత్తు కన్నా ఎక్కువే.

అసలు చిక్కు బోయింగ్ 737కి వచ్చింది. 1967లో మొదటిసారి ఎగిరిన ఈ విమానం నేలకి బాగా దగ్గరగా కూర్చుంటుంది. 1980లలో లావు ఇంజిన్ పెడదామంటే కింద జాగా లేక, ఇంజిన్ తొడుగు అడుగుని నొక్కేశారు. ఈసారి ఎయిర్‌పోర్టులో చూడండి, నోరు చప్పిడిగా ఉంటుంది. 737లోనే కొత్త రకం మ్యాక్స్‌కి వచ్చేసరికి ఇంజిన్‌ని ముందుకీ పైకీ జరిపారు. దాంతో కొన్ని సందర్భాల్లో ముక్కు పైకి లేచే గుణం వచ్చింది, దాన్ని సర్దడానికి ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. 2018 అక్టోబర్, 2019 మార్చి ప్రమాదాల్లో 346 మంది పోయారు, రెండింటిలోనూ ఆ సాఫ్ట్‌వేర్ పాత్ర ఉంది. విమానం ఆకారం గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఇదే గుర్తొస్తుంది.

[తెర మీద: రెక్క కొసలు, ఒకదాని తర్వాత ఒకటి]

ఇక రెక్క. పొడుగూ సన్నం అయ్యేకొద్దీ ఆయిల్ ఆదా. కానీ ఎయిర్‌పోర్టు గేటు సందు మారదు కదా! ఎ320, 737 నిలబడే గేట్లకి 36 మీటర్ల లోపే ఉండాలి. ఎ320 రెక్కలు కొసతో కలిపి 35.8. పక్కకి పెరగడానికి చోటు లేక కొస పైకి తిరిగింది. 777ఎక్స్ ఇంకా చిత్రం. గాల్లో 71.8 మీటర్లు, నేల మీద కొసలు మడిస్తే 64.8. సందులోకొచ్చేసరికి కావిడిని ఏటవాలుగా తిప్పుకుంటాం చూడండి, అదే ఉపాయం.

కావిడి అంటే ఇంకోటి. మోస్తుంటే బద్ద వంగుతుంది, విరగదు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 రెక్కలు గాల్లో అలాగే పైకి వంగుతాయి. రెండింటి బరువులోనూ సగానికి అటూఇటూ కార్బన్ ఫైబర్ లాంటి మిశ్రమ పదార్థాలే.

ముఖం, తోక? వీటిలో కళాకారుడికి దొరికే వాటా తక్కువ. 787 తొలి బొమ్మల్లో తోక సొరచేప రెక్కలా ఉండేది, అసలు విమానంలో మామూలు తోకే వచ్చింది. ఎ350 కాక్‌పిట్ చుట్టూ ఉన్న నల్ల కళ్ళద్దాలు మాత్రం పని కన్నా గుర్తింపు కోసమేనని నా అనుమానం. ఎయిరిండియా కిటికీల చుట్టూ ఎర్రటి ఝరోఖా తోరణాలుండేవి. 2023 కొత్త రంగుల్లో అవి పోయాయి. నాకైతే వెలితిగానే ఉంది.

[తెర మీద: గాలిపటంలాంటి విమానం ఊహాచిత్రం]

గొట్టాన్నీ రెక్కనీ కలిపేసిన ఈ ఆకారాన్ని అమెరికాలో జెట్‌జీరో సంస్థ పట్టుకుంది. చూడముచ్చటగానే ఉంది. కానీ నడిమి సీట్లకి కిటికీ దూరం, పైగా అంత వెడల్పు హాల్లోంచి జనాన్ని గబగబా దింపాలి. త్వరలో మనం ఎక్కుతామని నేననుకోను.

నాకు నమ్మకం కుదిరింది ఎక్స్-66 అనే ప్రయోగ విమానం రెక్క మీద. 2023లో నాసా, బోయింగ్ కలిసి మొదలుపెట్టాయి. పాత ఎండీ-90ని మార్చి, నెత్తి మీద బాగా పొడుగూ సన్నమూ అయిన రెక్క పెట్టాలని ఆలోచన. మిగతా మెరుగులతో కలిపితే 30 శాతం దాకా ఆయిల్ తగ్గొచ్చని నాసా అంచనా. 2025లో ఆ విమానం తయారీ ఆపి, ముందు సన్న రెక్క సంగతి తేల్చుకుందామన్నారు. అంత సన్నటి రెక్క తనంతట తాను నిలవదు కాబట్టి, కింద నుంచి ఏటవాలుగా ఒక ఊత ఇచ్చారు.

[తెర మీద: ఎక్స్-66 బొమ్మ, పక్కనే జయపురం కారవాన్]

ఆ బొమ్మ ఫోన్లో మావయ్యకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని, రెండు వేళ్ళతో పెద్దది చేసి, ఆ కమ్మీ దగ్గర ఆగాడు.

"ఓరి, మన పందిరి గుంజే కదరా ఇది. దీనికి అమెరికా దాకా ఎల్లాలేటి?"