పట్టాకు ముందు పేపరు ప్రకటన

అందరికీ నమస్కారం. స్థలం కొనేముందు లాయరు పేరుతో పేపర్లో ఒక ప్రకటన వేయిస్తారు, చూసే ఉంటారు. "అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లో తెలపగలరు" అని. మనం చదవం, పేజీ తిప్పేస్తాం. ఇవాళ నేను చెప్పబోయే ఎడిత్ ఆమన్స్ అలాంటి ప్రకటనలకు అక్షరాలు పేర్చి బతికింది.

1907లో అక్కచెల్లెళ్లిద్దరు, ఎడిత్, ఐడా మేరీ, అమెరికాలోని సౌత్ డకోటాలో బండి దిగారు. ఇల్లంటే పది పన్నెండు అడుగుల చెక్క గది. చుట్టూ గడ్డి. నీళ్లు మోసుకురావాలి. ప్రభుత్వ భూమిని సాగు చేసుకునేవాళ్లకు ఉచితంగా పంచిన 1862 నాటి హోంస్టెడ్ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండిన ఒంటరి ఆడదానికీ 160 ఎకరాలు అడిగే హక్కుంది. భర్త ఉన్నావిడకు మాత్రం లేదు! అయిదేళ్లు కాపురం ఉండి సాగు చేస్తే పట్టా. అంతకాలం ఆగలేనివాళ్లు 14 నెలలుండి, మామూలుగా ఎకరానికి డాలరుంపావు కట్టి తీసుకోవచ్చు.

అసలు తిరకాసు ఇక్కడుంది. పట్టా అడిగేవాళ్లు ఆ సంగతిని, సాక్షుల పేర్లతో సహా, పొలానికి దగ్గర్లోని పేపర్లో వేయించాలి. ఖర్చు వాళ్లదే. దాంతో మనుషులకన్నా ముందే పేపర్లు పుట్టేవి. ఎడిత్ మొదట 'మెక్‌క్లూర్ ప్రెస్' అనే పేపర్లో చేరింది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తిరగేసి పేర్చడం. పాత ప్రెస్సుల్లో పనిచేసినవాళ్లకి ఆ నడుంనొప్పి తెలుసు. పైగా ఇది తన గిరాకీని తానే తినేసే వ్యాపారం. అందరికీ పట్టాలొస్తే ఇక ప్రకటనలేవి?

తర్వాత లోయర్ బ్రూలే రిజర్వేషన్‌లో (అంటే అక్కడి ఆదివాసులకు కేటాయించిన ప్రాంతంలో) బయటివాళ్లకు కొత్తగా తెరిచిన భూమికి మారి, 'రిజర్వేషన్ వాండ్' అని సొంత పేపరు పెట్టింది. పక్కనే కొట్టు, పోస్టాఫీసు. ఊరికి వాళ్ల ఇంటిపేరే, ఆమన్స్. చివరికి అదంతా మంటల్లో పోయింది.

ప్రభుత్వం పంచిన ఆ నేల లకోటా ఆదివాసులది. కొట్టుకు సరుకులకొచ్చినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఎడిత్ ధైర్యం నాకిష్టమే, కానీ 'ఉచిత భూమి' అనే మాట మాత్రం మింగుడుపడదు. లకోటాల్లో అక్కడి తెగ పేరు సిచాంగు, అంటే కాలిన తొడలవాళ్లు. ఫ్రెంచివాళ్ల నోట అదే బ్రూలే అయింది. ఎడిత్ 1938లో తన కథ రాసినప్పుడు పుస్తకానికి పెట్టుకున్న పేరు 'కాలిన తొడ నేల'.