వైన్స్ బోర్డు కింద వైన్ ఏది?

సభకు నమస్కారం. బల్లార్‌పూర్ తెలుగువాళ్ల ముందు, అందులోనూ ఇంతమంది కామర్స్ పిల్లల ముందు మాట్లాడటం సంతోషంగా ఉంది. 'మన దేశంలో వైన్‌కు గిరాకీ' అన్న అంశం ఇచ్చారు. నేను మన ఊరి నుంచే మొదలుపెడతాను.

రాజురా దాటి తెలంగాణలోని ఆసిఫాబాద్ వైపు చుట్టాల ఊళ్లకు వెళ్తే ఎక్కడ చూసినా 'వైన్స్' అన్న బోర్డే. లోపల ఉండేది విస్కీ, బ్రాందీ, బీరు. ద్రాక్షరసం పులియబెట్టి చేసే అసలు వైన్ ఉంటే పై అరలో ఒకటో రెండో సీసాలు.

మొన్న మే నెలలో మన దగ్గరే ఒక దుకాణంలో అలాంటి సీసా చూశాను. మెడ చుట్టూ దుమ్ము. కుర్రాడు గుడ్డతో తుడిచి ఇస్తే చేతికి వెచ్చగా తగిలింది. వైన్ నిల్వకు 12 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. మన చంద్రపూర్ ఎండ 45 దాటుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం అంతా బీరే. ఆ సీసా కొన్నవాడికి దొరికేది రుచి చెడిన వైన్, ఇక రెండోసారి కొనడు. గిరాకీ లేదని ఫ్రిజ్‌లో పెట్టరు, పెట్టరు కాబట్టి గిరాకీ పుట్టదు.

ఇక ధర. క్వార్టర్ విస్కీ అంటే 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం ఆల్కహాలు. లెక్కవేస్తే 77 మిల్లీలీటర్లు. 750 మిల్లీలీటర్ల వైన్ సీసాలో, 13 శాతం అనుకుంటే, 97 చిల్లర. అంటే ఆల్కహాలు కొంచెమే ఎక్కువ, సీసా ధర మాత్రం చాలా ఎక్కువ. కిక్కు కోసమే కొనేవాడు ఈ లెక్క కాగితం లేకుండానే వేసుకుంటాడు. పైగా మూత తీసిన వైన్ కొద్ది రోజుల్లోనే పాడవుతుంది. ఒంటరిగా తాగేవాడి సరుకు కాదది, నలుగురు కూర్చుని భోజనంతో తాగేది. మన ఇళ్లలో మందు, భోజనం ఒకే బల్ల మీదికి రావు.

పన్నుల సంగతి క్లుప్తంగా చెప్తాను. మద్యం రాష్ట్రాల చేతిలోని విషయం, జీఎస్టీలోకి రాదు. అందుకే దేశమంతా ఒకే మార్కెట్ అన్నది పేరుకే. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష విధానం తెచ్చి సొంత వైన్‌కు సుంకం రాయితీ ఇచ్చింది. నాసిక్ ద్రాక్షతోటలు నిలదొక్కుకోవడానికి అదొక పెద్ద కారణం. విదేశీ వైన్ మీద చాలాకాలం 150 శాతం కస్టమ్స్ సుంకం ఉండేది. ఆస్ట్రేలియా ఒప్పందం 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చాక, అక్కడి ఖరీదైన సీసాల మీద అది తగ్గుతోంది.

అన్నిటికంటే పెద్ద సంగతి, కొనేటప్పుడు ఎవరి కంట పడతామన్నది. నాసిక్ దగ్గర తోటలోనే కూర్చోబెట్టి రుచి చూపిస్తారు. ఎవరైనా చూస్తారన్న జంకు ఉండదు కాబట్టి ముంబై, పుణె నుంచి ఆడపిల్లలు కూడా స్నేహితులతో వస్తారు. అక్కడ వైన్‌కు కొత్త కొనుగోలుదారు ఆడమనిషి. 2022 జనవరిలో పెద్ద సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మనిస్తామని మన మహారాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. వ్యతిరేకత రావడంతో అమలు ఆగిపోయింది. వ్యతిరేకించినవాళ్లలో అన్నా హజారే ఒకరు.

మన చంద్రపూర్ జిల్లాలో ఆడవాళ్ల కథ వేరు. వాళ్లు ఏళ్ల తరబడి పోరాడితేనే 2015 ఏప్రిల్ 1న ఇక్కడ మద్యనిషేధం వచ్చింది, 2021లో ఎత్తేశారు. పక్క గడ్చిరోలిలో 1993 నుంచీ ఉంది. ఆ పోరాటంలో నడిచిన అక్కకు వైన్ వేరు, సారా వేరు అని చెప్పి ఒప్పించలేం. ఒప్పించాలని నాకూ లేదు. మితంగా తాగితే గుండెకు మంచిదన్న ప్రచారం ఒకటుంది. ఏ మోతాదూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

కాబట్టి పిల్లలూ, రేపు ప్రాజెక్టులో 'భారతీయ వినియోగదారుడు' అని రాసేముందు ఒక పని చేయండి. నాసిక్‌లో కొనే అమ్మాయిని ఒక నిలువు వరుసలో, దుకాణం మూయించిన మన ఊరి అక్కను పక్క వరుసలో రాయండి. ఆ రెంటినీ కలిపి సగటు తీయకండి.