148వ అంతస్తు టికెట్టు కొన్నాను, 124 నుంచే ఎక్కువ కనిపించింది!

అందరికీ నమస్కారమండీ. పర్లాకిమిడిలో మా మేడ మీంచి మాట్లాడుతున్నాను. వెనకాల కోతులు గెంతుతుంటాయి, పట్టించుకోకండి. వాటికి ఏ ఎత్తెక్కడానికీ టికెట్టు అక్కర్లేదు.

నేరుగా మాటకొచ్చేస్తాను. దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫా 148వ అంతస్తు నుంచి చూస్తే, 124వ అంతస్తు నుంచి కనిపించినంత కూడా కనిపించదు. మీరు సరిగ్గానే విన్నారు. డబ్బులు రెట్టింపు పైన, కనిపించేది తక్కువ. ఈ మాట మీద రేపు మా వీధిలో నన్ను నిలబెట్టి అడిగినా ఇదే చెప్తాను.

రచ్చ సంగతి మీకు తెలిసిందే. నేను ఆ 148వ అంతస్తు ప్రీమియం టికెట్టు ఫొటో స్టేటస్‌లో పెట్టినప్పట్నుంచి బస్టాండు దగ్గర టీ బడ్డీలో రెండు పార్టీలు తయారయ్యాయి. ఒక పార్టీ ఏటంటుందంటే, "వీడికి డబ్బులు బలిసిపోయాయి, కింది టికెట్టు సరిపోదేటి?" రెండో పార్టీ, "ఎక్కితే 148 ఎక్కాలి, 124 ఎక్కినోడు గుడి మెట్ల దాకా వెళ్ళి దండం పెట్టుకొచ్చేసినట్టే" అంటుంది. ఈ రెండో మాట మొదట అన్నదెవరో తెలుసా? నాకు టికెట్టు అమ్మిన ఏజెంటు. అతని పేరు నేను చెప్పను. కమిషన్ తిన్న నోరు కదా, అలాగే మాట్లాడుతుంది. మా ఊళ్ళో బోర్డులన్నీ ఒడియాలో ఉంటాయి గానీ తగువులన్నీ తెలుగులోనే అవుతాయి. ఈ తగువూ అంతే, పది రోజులుగా నడుస్తోంది.

సరే, గుడి మాట వాళ్ళే ఎత్తారు కాబట్టి నేనూ గుడితోనే మొదలెడతాను. తిరుపతిలో 300 రూపాయల దర్శనం టికెట్టు ఉంది. మనందరం కొన్నవాళ్ళమే. ఆ 300తో ఏటి కొన్నాం? క్యూ కొన్నాం. లోపలికెళ్ళాక ఉచితంగా వచ్చినవాడికీ మనకీ అదే వెంకన్న, అదే "పదండి పదండి". వేరే దేవుణ్ణి చూపిస్తామని అక్కడెవరూ చెప్పలేదు. ఇక్కడ మాత్రం నాతో ఏం చెప్పాడు ఏజెంటు? "సార్, పైనుంచి కనిపించేదే వేరే" అన్నాడు. అక్కడ మండింది నాకు. క్యూ తగ్గుతుంది, కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, జనం తక్కువ అని చెప్పి అమ్మితే నాకేం పేచీ లేదు. అవన్నీ నిజమే. మర్యాదకి వంక పెట్టడానికి లేదు. కానీ కనిపించేదే వేరే అనకూడదు.

లెక్క చూడండి. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే, దిగంతం, అంటే నేలా ఆకాశం కలిసే గీత, ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. 124వ అంతస్తు 452 మీటర్లు. గుణిస్తే 76 కిలోమీటర్లు. 148వ అంతస్తు 555 మీటర్లు. గుణిస్తే 84. అంటే 103 మీటర్లు అదనంగా ఎక్కితే మీకు అదనంగా దొరికేది 8 కిలోమీటర్లు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం దాకా ఆటోలో వెళ్ళి పకోడీ తినేసి వచ్చేంత కథ. పోనీ ఆ 8 కిలోమీటర్లలో ఏటుంది? ఒక పక్క ఇసుక, ఇంకో పక్క సముద్రం. అది కూడా గాలి తేటగా ఉంటే. నేను వెళ్ళిన రోజు దుమ్ము, ఉక్క కలిసి ఆకాశం మా అమ్మ గంజి వార్చిన గిన్నెలా ఉంది. 84 కాదు కదా, 20 కిలోమీటర్లు కనిపిస్తే గొప్ప. అది ఎవరి తప్పూ కాదు, ఎడారి గాలి అంతే. కానీ టికెట్టు కొన్నప్పుడు ఆ గాలి ఎవరి లెక్కలోనూ ఉండదు.

ఇంకోటి. బుర్జ్‌లో ఈ ఎక్కి చూసే చోటు పేరే అట్ ద టాప్, అంటే కొన మీద అని. భవనం మొత్తం ఎత్తు 828 మీటర్లు. ప్రీమియం మనిషి నిలబడేది 555 దగ్గర. నూటికి 67 మార్కులు! మా ఇంట్లో 67 తెచ్చుకుని నేనే టాపు అంటే మా నాన్న బెల్టు తీసేవాడు. ఆ పైన ఏటుంది మరి? కొన్ని అంతస్తులు, ఆపైన ఊచ. పొడవాటి భవనాల లెక్కలు చూసే అంతర్జాతీయ సంస్థ ఒకటి 2013లో తేల్చింది, బుర్జ్ ఖలీఫాలో పైన 244 మీటర్లు మనిషి ఉండటానికి కాదు, ఎత్తు కోసం మాత్రమే అని. 244 మీటర్లు! దాన్ని కోసి పక్కన నిలబెడితే అదే ఇంకో ఆకాశహర్మ్యం.

అన్నట్టు ఆ పేరు కథ కూడా సరదాగా ఉంటుంది. కట్టినన్నాళ్ళూ అది బుర్జ్ దుబాయ్. 2009లో దుబాయ్ అప్పుల్లో కూరుకుపోతే అబుదాబి ఆదుకుంది. 2010 జనవరి 4న ప్రారంభం. ఆ రోజు వేదిక మీదే పేరు మారిపోయింది, అబుదాబి పాలకుడు షేక్ ఖలీఫా పేరు పెట్టారు. పెళ్ళికి అప్పిచ్చిన మావయ్య పేరు చివరి నిమిషంలో శుభలేఖ మీద ఎక్కినట్టు. మనకి అర్థం కాని విషయమా ఇది?

ఇప్పుడు నా అసలు సాక్ష్యం. మా బావ.

మా అక్క మొగుడు. పన్నెండేళ్ళుగా దుబాయ్‌లో స్కాఫోల్డింగ్ పని, అంటే కట్టే భవనాలకి పరంజాలు వెయ్యడం. గజపతి జిల్లా నుంచి, ఇటు శ్రీకాకుళం నుంచి వెళ్ళినవాళ్ళు అక్కడ ఎందరున్నారో మీకు చెప్పక్కర్లేదు, ప్రతి ఇంటికీ ఒక పాస్‌పోర్టు ఉంది. క్యాంపు నుంచి సైటుకి వెళ్ళే బస్సు కిటికీలోంచి పన్నెండేళ్ళు రోజూ ఆ బుర్జ్‌ని చూశాడు. ఒక్కసారి ఎక్కలేదు. "ఎందుకు బావా?" అంటే, "నాను రోజూ ఎక్కుతానే ఉన్నాను కద, వేరే బిల్డింగులు. అక్కడ నాకే డబ్బులిస్తారు. ఇక్కడ నేనివ్వాలి" అన్నాడు. ఈ ఒక్క మాటతో ఈ వీడియో ముగించేయొచ్చు నిజానికి.

ఆదివారం సెలవు పెట్టించి తీసుకెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. రెండు టికెట్లకీ కలిపి ఎంతయిందో రూపాయల్లో చెప్పను, ఐదంకెలు అని మాత్రం చెప్తాను, మా అమ్మ ఈ ఛానెల్ చూస్తుంది. లిఫ్టు సెకనుకి 10 మీటర్లు పోతుంది, చెవులు టప్పుమంటాయి. పైన చిన్న కప్పుల్లో పచ్చగా, యాలకుల వాసనతో కాఫీ ఇచ్చారు, పక్కన ఖర్జూరాలు. "దీన్ని గావా అంటారు" అని నాకు చెప్పాడు బావ, పెద్ద ఇంటివాడిలాగ. రెండు ఖర్జూరాలు తిన్నాడు, రెండు టిష్యూలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. రూమ్మేట్లకంట. ఒకడిది సోంపేట, ఒకడిది బరంపురం.

తర్వాత అద్దం దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి వెతుకుతున్నాడు. ఏటి వెతుకుతున్నావంటే, బిజినెస్ బేలో తాను పనిచేసిన టవర్ కోసం. బుర్జ్ పక్కనే ఉంటుంది ఆ ప్రాంతం, దూరం కూడా కాదు. అయినా ఐదు నిమిషాలు చూశాడు, దొరకలేదు. "అన్నీ అగ్గిపెట్టెల్లాగే ఉన్నాయిరా బామ్మర్దీ" అన్నాడు. నిజమే. 148 నుంచి చూస్తే అది ఊరు కాదు, మ్యాపు. కార్లు కదుల్తున్నాయో లేదో తెలీదు. బుర్జ్ కింద చెరువులో ఉండే, అంత పేరున్న ఫౌంటెన్ కూడా అక్కణ్ణుంచి గిన్నెలో మరుగుతున్న నీళ్ళే.

ఈ టికెట్టుతో కిందికొచ్చి 125, 124 కూడా చూడొచ్చు. వచ్చాం. గుంపు ఉంది, సెల్ఫీ కర్రలు ఉన్నాయి, పిల్లల ఏడుపులు ఉన్నాయి. బావ ఆ గుంపులో దూరిపోయాడు. రెండు నిమిషాలు కాలేదు, "అదిగో!" అని కేక. ఒక మేడ, దాని కప్పు మీద నీళ్ళ ట్యాంకు, ట్యాంకు పక్కన సన్నటి నీడ. "ఆ నీడలో కూకుని మధ్యాన్నం అన్నం తినేవాణ్ణి. జులైలో. ట్యాంకు గోడకి వీపు ఆనిస్తే కాలిపోయేది, అందుకు ఇలా ముందుకి వంగి తినేవాణ్ణి" అని నడుం వంచి చూపించాడు. వెనకున్నవాళ్ళు ఆయన దేనికో దండం పెడుతున్నాడనుకున్నారు.

మరి చెప్పండి, ఎక్కడి నుంచి ఎక్కువ కనిపించింది?

నా సిద్ధాంతం ఏటంటే, ఎత్తు వేరు, చూపు వేరు. ఒక ఎత్తు దాకా ఊరు కనిపిస్తుంది, అది దాటితే బొమ్మ కనిపిస్తుంది. బొమ్మే కావాలంటే ఫోన్లో ఉపగ్రహం మ్యాపు ఉచితం. మరి ఇన్ని దేశాల్లో ఇన్ని పై అంతస్తులు ఎందుకు అమ్ముతున్నారు? వ్యాపారం! న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ భవనం 1931లో తెరిచారు. అమెరికా మాంద్యంలో ఉంది, ఆఫీసులు అద్దెకి తీసుకునేవాళ్ళు లేక చాలా భాగం ఖాళీ, జనం దాన్ని ఖాళీ భవనం అని వెక్కిరించేవాళ్ళు. ఆ మొదటి ఏడాది అద్దెల మీద ఎంత వచ్చిందో, పైకెక్కి చూసే టికెట్ల మీద ఇంచుమించు అంతే వచ్చింది, 20 లక్షల డాలర్లు. అర్థమైందా? ఆఫీసు భవనానికి పైన టికెట్టు కొట్టు పెట్టలేదు వాళ్ళు, టికెట్టు కొట్టుకి కింద ఆఫీసులు పెట్టారు. ఇప్పటికీ అక్కడ 86వ అంతస్తుకి ఒక రేటు, 102కి పైన ఇంకొంచెం. ప్రీమియం అనేది కొత్త రోగం కాదు.

"అయితే 148లో అసలేమీ లేదా?" అంటారు. ఉంది. న్యాయంగా చెప్పాలి కదా, ఒకటుంది. సాయంత్రం అవుతుంటే బుర్జ్ నీడ తూర్పు వైపు ఊరి మీద పడుకుంది. సన్నగా, పొడుగ్గా, రోడ్లు దాటి, మేడలు దాటి, ఎడారి వైపు గడియారం ముల్లులా పోతోంది. అది చూసి నోరు తెరిచాను. ఆ మాటకొస్తే బుర్జ్ ఎక్కితే బుర్జ్ కనిపించదు, దాని నీడే కనిపిస్తుంది. బుర్జ్ చూడాలంటే కింద చెరువు గట్టున నిలబడాలి. అక్కడ టికెట్టు లేదు!

ఇంకో తమాషా కూడా ఉంది. అంత ఎత్తులో పొద్దు ఆలస్యంగా గూకుతుంది. 2011లో రంజాన్ నెలకి అక్కడి మతపెద్దలు చెప్పారు, 80 అంతస్తులు దాటి ఉండేవాళ్ళు 2 నిమిషాలు, 150 దాటినవాళ్ళు 3 నిమిషాలు ఆగి ఉపవాసం విడవాలని. కింద సూర్యుడు మునిగాక టక్కున లిఫ్టు ఎక్కితే పైన మళ్ళీ మునగడం చూడొచ్చన్నమాట. అయితే క్యూ లేకుండా లిఫ్టు దొరకాలి... అదిగో, ప్రీమియం టికెట్టుకి ఒక పని దొరికింది! ఏజెంటు గారూ, ఈ పాయింటు ఉచితంగా ఇస్తున్నాను, వాడుకోండి.

చివరికి మన కొరాపుట్ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. దేవమాలి కొండ ఎత్తు 1,672 మీటర్లు. బుర్జ్ మీద బుర్జ్ నిలబెడితే 1,656. ఇంకా 16 మీటర్లు తక్కువే! "అది సముద్రమట్టం నుంచి లెక్క, నేల మీంచి కాదు" అని లెక్కల మాస్టార్లు లేస్తారు, కూర్చోండి మాస్టారూ, నాకూ తెలుసు. మన గజపతి జిల్లాలోనే మహేంద్రగిరి 1,501 మీటర్లు. శివరాత్రికి జనం ఎక్కుతారు, భీముడి గుడి దగ్గర కూర్చుని అటుకులు తింటారు. అక్కడ ప్రీమియం అంటే ముందు రాత్రే ఎక్కి చలికి వణుకుతూ పడుకోవడం. నా భాష మీద కూడా ఎవరూ పేచీ పెట్టకండి, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే.

టీ బడ్డీ పార్టీలకి ఒక్క మాట. నిన్న బావ వీడియో కాల్ చేశాడు. ఆ రోజు నేను తీసి పంపిన ఫొటోలు యాభై పైనే. 148లో అద్దం పక్కన హీరోలా నిలబెట్టి తీసినవే నలభై. ఫోన్ మీద ఏది పెట్టుకున్నాడో చూపించమన్నాను. చూపించాడు. 124లో గుంపులోంచి హడావుడిగా నొక్కింది. కొంచెం వంకర, ఒక మూల నా బొటనవేలు. మధ్యలో నీళ్ళ ట్యాంకు.