కుకమ్ ఊరి చిత్రకారుడు

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున కుకమ్ అనే చిన్న ఊరుంది. చిత్రకారుడు స్టాన్లీ స్పెన్సర్ 1891లో అక్కడే పుట్టాడు. లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చదివే రోజుల్లోనూ క్లాసులు కాగానే రైలెక్కి ఇంటికి వచ్చేసేవాడు. దాంతో తోటి విద్యార్థులు అతన్ని 'కుకమ్' అనే పిలిచేవారు.

బైబిల్ కథలు తన ఊళ్లోనే జరిగినట్టు గీశాడాయన. అతని బొమ్మలో యేసు శిలువ మోసుకుంటూ కుకమ్ వీధిలోంచి వెళ్తుంటే, ఇరుగుపొరుగు కిటికీల్లోంచి చూస్తుంటారు. 1924–27 మధ్య గీసిన 'పునరుత్థానం'లో చనిపోయినవాళ్లు ఆ ఊరి చర్చి సమాధుల్లోంచే లేస్తారు. భయం లేదు, హడావుడి లేదు, పొద్దున నిద్ర లేచినట్టే లేస్తారు. భార్య హిల్డా ఒకటికి మూడు చోట్ల కనిపిస్తుంది. తనేమో బట్టల్లేకుండా సమాధి రాయికి ఆనుకుని నిలబడ్డాడు!

నా మటుకు నాకు అన్నిటికన్నా గొప్ప పని ఇంగ్లండులోనే బర్‌క్లేర్ అనే ఊళ్లోని చిన్న ప్రార్థనామందిరం. మొదటి ప్రపంచ యుద్ధంలో స్పెన్సర్ బ్రిస్టల్ ఆస్పత్రిలో అటెండరుగా, తర్వాత మాసిడోనియాలో సైనికుడిగా పనిచేశాడు. యుద్ధం తర్వాత జబ్బుతో చనిపోయిన ఒక సైనికాధికారి జ్ఞాపకార్థం కట్టిన ఆ మందిరం గోడల నిండా, 1932 దాకా ఆ రోజుల్నే గీశాడు. అందులో పోరాటం లేదు. నేల తోమడం, ఉతికిన బట్టలు వేరు చెయ్యడం, సీసాల్లో నీళ్లు పట్టడం, వార్డులో టీ, బ్రెడ్డు. బలిపీఠం వెనక గోడమీద మాత్రం సైనికులు సమాధుల్లోంచి లేచి, ఎవరి శిలువ వాళ్లు తెచ్చి యేసుకి అప్పజెబుతుంటారు. డ్యూటీ అయిపోయాక సామాను తిరిగి ఇచ్చేసినట్టు! ఆ యేసు కూడా ఎక్కడో దూరంగా, చిన్నగా కూర్చుని ఉంటాడు.

సొంత జీవితం అంత సాఫీగా సాగలేదు. 1937లో హిల్డాతో విడాకులయ్యాయి. వెంటనే పెట్రీషియా ప్రీస్‌ని పెళ్లి చేసుకున్నాడు కానీ ఆమె అతనితో కాపురమే చెయ్యలేదు. హిల్డా 1950లో చనిపోయింది. ఆ తర్వాత కూడా ఆమెకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

ముసలితనంలో పాత ప్రామ్‌లో, అంటే పసిపిల్లల్ని తిప్పే తోపుడు బండిలో, రంగులూ కాన్వాసూ వేసుకుని, తోసుకుంటూ ఊళ్లో తిరిగేవాడు. 1959లో సర్ బిరుదు వచ్చింది, అదే ఏడు డిసెంబరులో పోయాడు. కుకమ్ పడవ పందాల దగ్గర యేసు ప్రసంగిస్తున్న పెద్ద బొమ్మ సగంలోనే ఆగిపోయింది. చిన్నప్పుడు అతను ప్రార్థనకి వెళ్లిన చర్చే ఇప్పుడు అతని పేరిట గ్యాలరీ. ఆ ప్రామ్ కూడా అక్కడే ఉంది.